కోసిన చెక్క, కోసిన ఇనుము

త్రీ నాట్ త్రీని చేత్తో పట్టుకున్న తెలుగువాళ్లు ఎక్కువగా రెండు రకాలు. పోలీసు ఉద్యోగం చేసినవాళ్లు, కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్లు. మిగతా అందరికీ అది పాత ఫొటోల్లో కానిస్టేబుల్ భుజాన వేలాడే పొడుగాటి తుపాకీ. నేనుండే మిషిగన్‌లో దానికి ఇంకో రూపం ఉంది. మూతి దాకా ఉండాల్సిన చెక్క సగానికి తెగిపోయి, పైన టెలిస్కోపు ఎక్కి, వార్నిష్ మెరుస్తూ, గన్ షోలో ఏ మూల బల్ల మీదో రెండు మూడు వందల డాలర్ల చీటీతో పడి ఉంటుంది. ఇక్కడ దీన్ని ‘స్పోర్టర్’ అంటారు. సైన్యం వదిలేసిన రైఫిల్‌ని ఎవరో వేటకు పనికొచ్చేలా కోసుకున్నారన్నమాట.

ఇలాంటిదాన్ని కొని మళ్లీ సైనిక రూపానికి తేవాలా వద్దా అన్నది ఈ పిచ్చి ఉన్నవాళ్ల మధ్య తెగని గొడవ. కనిపించిన ప్రతిదాన్నీ పూర్వరూపానికి తెచ్చి తీరాలనేవాళ్లే ఎక్కువ. నేను వాళ్లతో ఏకీభవించను. చెక్క మాత్రమే కోసి ఉంటే తిరిగి పెట్టండి. ఇనుము కోసి ఉంటే దాన్ని వేట తుపాకీగానే ఉండనివ్వండి. నా వాదన మొత్తం ఇంతే, కానీ ఇది చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నా మీదకి వస్తారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు వస్తువు గురించి. త్రీ నాట్ త్రీ అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. అందులో లీ అంటే జేమ్స్ పారిస్ లీ. స్కాట్లండ్‌లో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో స్థిరపడిన మనిషి. బోల్ట్ (తూటాను గొట్టంలోకి నెట్టి వెనక మూసే కడ్డీ), తూటాల పెట్టె ఆయన ఆలోచన. ఎన్‌ఫీల్డ్ అనేది ఇంగ్లండ్‌లో తుపాకుల ఫ్యాక్టరీ ఉన్న ఊరు. మొదటి ప్రపంచ యుద్ధంలో మన సిపాయిలు మోసింది ఇందులో ఎస్ఎంఎల్ఈ (పొట్టి లీ ఎన్‌ఫీల్డ్) మార్క్ 3 అనే రకం. కోల్‌కతా దగ్గర ఇషాపూర్‌లో కూడా అది తయారైంది. రెండో యుద్ధానికి నంబర్ 4 వచ్చింది. దాన్ని ఇంగ్లండ్‌తో పాటు అమెరికాలో శావేజ్ కంపెనీ, కెనడాలో టొరంటో పక్కన లాంగ్ బ్రాంచ్ ఫ్యాక్టరీ చేశాయి. శావేజ్ ఒక్కటే పది లక్షలకు పైగా చేసింది. లాంగ్ బ్రాంచ్ దాదాపు తొమ్మిది లక్షలు. నా దగ్గరున్నది 1943 లాంగ్ బ్రాంచ్, నంబర్ 4 మార్క్ 1 స్టార్. ఆ ఫ్యాక్టరీ ఉన్న చోటికి మా ఇంటి నుంచి కారులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరొచ్చు. మిషిగన్‌లో ఇవి ఇంతగా దొరకడానికి సరిహద్దు పక్కనే ఉండటం కూడా ఒక కారణం అయ్యుండొచ్చు.

(ఇండియా నుంచి వచ్చిన కుర్రాళ్లకు ఒక మాట. వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడ తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. లాయర్‌ని అడక్కుండా గన్ షోలో చెయ్యి చాపకండి.)

ఎందుకు కోశారు? సైనిక రైఫిల్‌కి చెక్క మూతి దాకా ఉండేది అందం కోసం కాదు. వరసగా కాలిస్తే గొట్టం పెనంలా కాలుతుంది, చెయ్యి కాలకుండా పైనా కిందా చెక్క కావాలి. ముందు బయొనెట్ తగిలించాలి. జింక కోసం రోజంతా అడవిలో తిరిగి ఒక్క తూటా, మహా అయితే రెండు కాల్చేవాడికి ఇవేవీ అక్కర్లేదు. నాలుగు కిలోల పైన బరువు మాత్రం భుజానికి తెలుస్తుంది. యుద్ధం అయ్యాక దేశదేశాల గిడ్డంగులు ఖాళీ చేస్తుంటే ఇలాంటి రైఫిళ్లు అమెరికాలో పోస్టులో వచ్చేవి. ఎంత చవకంటే, కెనడీ హత్యకు వాడిన ఇటాలియన్ కార్కానో రైఫిల్‌ని 1963లో టెలిస్కోపుతో కలిపి 19.95 డాలర్లకు పోస్టులో తెప్పించుకున్నారు. 1968 చట్టం వచ్చి పోస్టు అమ్మకాలనూ సైనిక మిగులు తుపాకుల దిగుమతినీ ఆపేదాకా ఇదే సంత. కొత్త వేట రైఫిల్ కొనలేని ఫ్యాక్టరీ కార్మికుడు, బంగాళదుంపలు పండించే రైతు సైనిక రైఫిల్ కొని, గ్యారేజీలో రంపం తీశాడు. అప్పటికి అది పురాతన వస్తువు కాదు. కుప్పలుగా పడి ఉన్న మిగులు సరుకు.

ఇలా కోసినవాణ్ని ఇక్కడి సేకర్తలు ‘బబ్బా’ అని వెక్కిరిస్తారు. పల్లెటూరి మొద్దు అని దాని అర్థం. ఈ వెక్కిరింత వింటే నాకు ఒళ్లు మండుతుంది. అమెరికా అధ్యక్షుడిగా చేసిన థియోడర్ రూజ్‌వెల్ట్ సైనిక స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిల్‌ని వేట తుపాకీగా మార్పించుకుని 1909లో ఆఫ్రికా వేటకు పట్టుకెళ్లాడు. దాన్ని ఎవరూ పాడు చేశారనరు. 1923లో న్యూయార్క్‌లో మొదలైన గ్రిఫిన్ అండ్ హౌ అనే సంస్థ పెద్దింటివాళ్ల కోసం అవే స్ప్రింగ్‌ఫీల్డ్‌లను కోసి, చెక్కి, నగిషీలు పెట్టి పేరు తెచ్చుకుంది. అవి ఈరోజు వేల డాలర్లు పలుకుతాయి. డబ్బున్నవాడు కోయిస్తే కళ, లేనివాడు తానే కోసుకుంటే విధ్వంసం!

ప్రభుత్వాలు కోసినవాటి సంగతి ఇంకా తమాషా. ఇషాపూర్‌లోనే ఎస్ఎంఎల్ఈలను తీసుకుని, గొట్టం లోపల తూటాను తిప్పే గాడులు తీసేసి నున్నగా చేసి, తూటాల పెట్టెలో చెక్క ముక్క బిగించి, ఒక్కో తూటా పెట్టి కాల్చే పాయింట్ 410 మస్కెట్లుగా మార్చారు. జైలు కాపలాకూ గుంపుల్ని చెదరగొట్టడానికీ. ఇక్కడి సేకర్తలు వాటిని అపురూపంగా చూసుకుంటారు, మళ్లీ త్రీ నాట్ త్రీగా మార్చుదామని ఎవడూ అనడు. ముద్ర వేసే అధికారం ఉన్నవాడు కోస్తే చరిత్ర అయినప్పుడు, నవంబర్ చలిలో పిల్లలకు మాంసం తెద్దామని కోసుకున్నవాడిది మాత్రం ఎందుకు కాదు?

మన దేశంలో ఈ గొడవే రాకపోవడానికి కారణం కూడా చెప్పాలి. పాయింట్ 303, అంటే త్రీ నాట్ త్రీ తూటా కొలత, మనకు నిషేధిత బోర్ (మామూలు లైసెన్స్ మీద ఇవ్వని కొలత). సైన్యం తూటాలు బయటివాళ్ల తుపాకుల్లో పట్టకూడదన్నది బ్రిటిష్‌వాళ్ల నాటి భయం, ఆ నిషేధం ఇప్పటికీ కొనసాగుతోంది. అందుకే లైసెన్స్ ఉన్న రైతుకో కాపలాదారుకో దొరికేది పాయింట్ 315 వేట రైఫిల్. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ తయారీ. దాని బోల్ట్ తెరిచి చూస్తే అచ్చం లీ ఎన్‌ఫీల్డే. మన దగ్గర స్పోర్టర్‌ని ప్రభుత్వమే ఫ్యాక్టరీలో చేసి అమ్మిందన్నమాట.

సరే, అన్నీ చరిత్రే అయితే చెక్క మాత్రం తిరిగి పెట్టడం ఎందుకు, అది కూడా వదిలేయొచ్చుగా అని అడుగుతారు. వదిలేసినా నాకు అభ్యంతరం లేదు. కానీ చెక్క మరలతో, బ్యాండ్లతో బిగించే వస్తువు. సైన్యంలోనే ఒక రైఫిల్ జీవితకాలంలో చెక్క మారేది, ఆయుధశాలలో ఆ పనికే మనిషి ఉండేవాడు. నేను పెట్టిన చెక్క రేపు ఇంకొకడికి నచ్చకపోతే విప్పి, పాత కోసిన ముక్కనే మళ్లీ బిగించుకోవచ్చు. అందుకే ఆ ముక్కను పారెయ్యకూడదు, గుడ్డలో చుట్టి రైఫిల్‌తో పాటే ఉంచాలి. ఇనుము అలా కాదు. తెగిన గొట్టం పెరగదు. టెలిస్కోపు కోసం రిసీవర్‌కి (గొట్టం వెనక బోల్ట్ కదిలే ఇనుప భాగానికి) కొట్టిన రంధ్రం వెల్డింగ్‌తో పూడిస్తే పైకి కనపడకపోవచ్చు, కానీ అక్కడి ఉక్కు గట్టిదనం పోయి ఉంటుంది. కాల్చేటప్పుడు అది మీ చెంపకు జానెడు దూరంలో ఉంటుంది.

గన్ షోలో చూసి తేల్చుకోవడం కష్టం కాదు. అమ్మేవాడిని అడిగి బోల్ట్ తీయించి తూటా లేదని చూసుకున్నాక, బోల్ట్ మళ్లీ పెట్టించి మూయండి. మూతిలోంచి సన్నటి కడ్డీ బోల్ట్ ముఖాన్ని తాకేదాకా దూర్చి కొలవండి. నంబర్ 4 గొట్టం 25.2 అంగుళాలు. దానికి చాలా తగ్గితే కోసినట్టే. మూతి దగ్గర బయొనెట్ పట్టుకునే చిన్న ఇనుప చెవులు, ముందు సైట్ (గురి చూసే ముక్క) దిమ్మ ఉన్నాయా? తూటాల క్లిప్పు దూర్చే వంతెన లాంటి భాగాన్ని గ్రైండర్‌తో తీసేశారా? రిసీవర్ పక్కన, పైన రంధ్రాలు ఉన్నాయా? ఇవన్నీ క్షేమంగా ఉండి, చెక్క మాత్రమే తెగి ఉంటే అది తిరిగి నిలబెట్టదగ్గ రైఫిల్. నాకు అలాంటిదే దొరికింది. దాన్ని కోసినాయన ఎవరో గానీ రంపం వాడింది చెక్క మీదే. పైగా కోసిన చోట అంచుని చక్కగా గుండ్రంగా మలిచాడు. మంచి చెయ్యి.

ఇంకొకటి, ‘డీపీ’ అని ముద్ర ఉంటే దాన్ని కాల్చే స్థితికి తేవాలన్న ఆలోచనే వద్దు. డ్రిల్ పర్పస్ అంటే కవాతుకు మాత్రమే. ఎన్‌సీసీ వాళ్లకు ఈ అక్షరాలు గుర్తుండే ఉంటాయి. అరిగిపోయినవి, కావాలని పాడుచేసినవి ఆ కోవలోకి తోస్తారు.

చెక్క పెట్టడం అంటే కొత్త ముక్క కొని నాలుగు మరలు బిగించడం అనుకుంటారు. పని అంతా ఉన్నది ముందు చెక్క వెనక చివర. రిసీవర్ వెనక భాగం ఆ చెక్కకు రెండు పక్కలా రెండు చిన్న తలాలలో ఆనుతుంది. కాల్చినప్పుడు తన్ను మొత్తం పడేది వాటి మీదే. అక్కడ కాగితం దూరేంత సందున్నా, కాల్చిన ప్రతిసారీ ఇనుము వెనక్కి గుద్ది చెక్కను చీలుస్తుంది. నా పాత ముక్కలో చీలిక అక్కడే మొదలైంది. కాబట్టి ఇనుముకు కాస్త మసి పూసి, చెక్కలో కూర్చోబెట్టి, తీసి, మచ్చ ఎక్కడ అంటిందో చూసి, అక్కడ మాత్రం ఉలితో పొరగా తీసి, మళ్లీ కూర్చోబెట్టాలి. రెండు పక్కలా సమానంగా మచ్చ పడేదాకా ఇదే పని. తొందరపడితే ఎక్కువ తీసేస్తాం, అప్పుడు అక్కడ గట్టి చెక్క ముక్క అతికించి మొదటికి రావాలి. మూతి దగ్గర ఇంకో లెక్క. నంబర్ 4లో ముందు చెక్క గొట్టాన్ని కిందనుంచి కొంచెం పైకి నెట్టాలి, రెండు నుంచి ఏడు పౌండ్ల బలంతో. మధ్యలో మాత్రం గొట్టానికి చెక్క ఎక్కడా తగలకూడదు. ఈ ఒత్తిడి లేకపోతే గురి వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా ఉంటుంది. స్పోర్టర్లకు గురి సరిగ్గా లేదని తిట్టుకునేవాళ్లు చాలామంది ఈ సంగతి పట్టించుకోరు. చెక్క కోసినప్పుడే ఆ ఆనిక పోయింది.

పాత వార్నిష్ తీసేశాక అవిసె నూనె పట్టించాలి. ఫ్యాక్టరీలో వేడి అవిసె నూనెలో ముంచి తీసేవారు. ఇంట్లో అయితే పల్చగా రాసి, అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్ది, మిగిలింది తుడిచి, ఆరనివ్వాలి. ఆ గుడ్డలు మాత్రం ఉండలా చుట్టి చెత్తబుట్టలో వెయ్యకండి, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, ఆరుబయట పరిచి ఆరబెట్టాలి.

మా పెదనాన్న కాకినాడలో ఏపీఎస్పీ బెటాలియన్‌లో చేసి రిటైరయ్యాడు. వీడియో కాల్‌లో ఇదంతా చూపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఒరేయ్, ఇది మాకు ప్రభుత్వం జీతమిచ్చి మోయించిందిరా. నువ్వు డబ్బులిచ్చి మరీ మోస్తున్నావా?” అన్నాడు. చిందీకి (గుడ్డపీలికకు) నూనె రాసి పుల్‌త్రూ (గొట్టం శుభ్రం చేసే తాడు) లాగడం గురించి మాత్రం ఒక పాఠమే చెప్పాడు. పాత మిలిటరీ తూటాల క్యాపులో ఉండే ఉప్పు నూనెకి పోదనీ, మరిగే నీళ్లు పొయ్యాలనీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఉప్పు గాలిలో తేమ పీల్చి గొట్టాన్ని లోపల్నుంచి తినేస్తుంది. ఎన్నో స్పోర్టర్ల గొట్టాలు పాడైంది రంపం వల్ల కాదు, కాల్చి అలాగే బీరువాలో పెట్టడం వల్ల.

నేను గట్టిగా వ్యతిరేకించేది ఇక్కడి నుంచి మొదలవుతుంది. చెక్క ఎక్కడినుంచి వస్తుంది? సైన్యాల విడిభాగాల గిడ్డంగులు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. ఈరోజు దొరికే ముందు చెక్కల్లో బోలెడు, మంచి పూర్తి రైఫిళ్లను ముక్కలు ముక్కలుగా విప్పి అమ్మేవాళ్ల దగ్గర నుంచి వచ్చినవే. పూర్తి రైఫిల్ కంటే విడిభాగాలుగా ఎక్కువ డబ్బులొస్తాయి మరి. అంటే ఒక కోసిన రైఫిల్‌ని బాగుచెయ్యడానికి కొయ్యని రైఫిల్ ఒకటి బలి. చెక్క కొనబోయే ముందు అది ఏ రైఫిల్‌లోంచి వచ్చిందో ఆనవాలు అడిగాను. అమ్మేవాడు నవ్వి ఊరుకుంటే కొనలేదు. చివరికి గొట్టం పేలి పాడైన రైఫిల్ నుంచి వచ్చిందని ఫొటోతో చూపించిన ముసలాయన దగ్గర కొన్నాను. చెక్కలు, బ్యాండ్లు, మరలు అన్నీ కలిపి రైఫిల్ ధర కంటే ఎక్కువైంది. లాభం కోసం చేసే పని ఇది కానే కాదు.

రెండోది, నంబర్లు. రిసీవర్ మీద ఉన్న సీరియల్ నంబరే బోల్ట్ పిడి మీద కూడా కొడతారు. ఎందుకంటే ఆ రైఫిల్‌కి ఆ బోల్ట్‌నే కొలిచి సరిచేస్తారు. తూటా అడుగు అంచు కూర్చునే జాగా 0.064 నుంచి 0.074 అంగుళం మధ్య ఉండాలి. దాన్ని సరిచెయ్యడానికి నంబర్ 4లో 0 నుంచి 3 దాకా నాలుగు సైజుల బోల్ట్ తలలు ఉంటాయి. వేరే బోల్ట్ తెచ్చి, పాత నంబరు గీకేసి, రిసీవర్ నంబరు కొట్టేవాళ్లున్నారు. చూడ్డానికి అన్నీ సరిపోయినట్టే ఉంటుంది. కొన్నవాడు ఆ నంబర్లు నమ్మి, ఆ జాగాని గేజ్ పెట్టి కొలవకుండానే కాలుస్తాడు. ఇది మోసం ఒక్కటే కాదు, ప్రమాదం కూడా. నంబర్లు కలవకపోతే కలవలేదని చెప్పి, గన్‌స్మిత్ దగ్గర గేజ్ పెట్టించుకుంటే సరిపోతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

మన ఊళ్లలో జీర్ణోద్ధరణ పేరుతో కాకతీయుల నాటి రాతి స్తంభాలకు ఎనామిల్ పెయింట్ వేసేవాళ్లను చూసి మనమే బాధపడతాం కదా. ఇదీ అదే పని. భక్తి ఉంది, ఎదురుగా ఉన్నదాన్ని చూసే ఓపిక లేదు.

చట్టం కూడా ఈ విషయంలో కొంచెం నా వైపే ఉంది. అమెరికా చట్టంలో పురాతన తుపాకీ అంటే 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనది. ఆ తర్వాతవి యాభై ఏళ్లు దాటితే ‘క్యూరియో’గా లెక్కలోకి రావచ్చు, సేకర్తలకు వేరే లైసెన్స్ ఉంది. కానీ అసలు రూపంలో ఉంటేనే. స్పోర్టర్లు ఆ లెక్కలోకి రావు. రిజిస్ట్రేషన్ లేకుండా గొట్టం 16 అంగుళాల లోపు కోస్తే అది ఇంకో పెద్ద నేరం, 1934 చట్టం కిందికి వస్తుంది. ఎవరో తాతగారు తెలియక కోసి అటక మీద పెట్టినదాన్ని కొనేసి ఇరుక్కోకండి.

ఇప్పుడు నాకు ఎదురు నిలిచే గట్టి వాదన ఒకటుంది, అది వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక అన్నది. ఆయన దగ్గరున్నది ఇషాపూర్ 2ఏ1. 1962 యుద్ధం తర్వాత మనవాళ్లు ఎస్ఎంఎల్ఈ నమూనానే గట్టి ఉక్కుతో, 7.62 మిల్లీమీటర్ల తూటాకు, పన్నెండు తూటాల పెట్టెతో చేసిన రైఫిల్. ప్రపంచంలో చిట్టచివరి లీ ఎన్‌ఫీల్డ్‌లలో అదొకటి. సైన్యం అమ్మేశాక అవి అమెరికాకు వచ్చాయి. ఇక్కడొక కంపెనీ వాటిలో కొన్నింటిని పొట్టిగా కోసి, మూతికి గరాటా తగిలించి, ‘జంగిల్ కార్బైన్ నంబర్ 7’ అని పేరు పెట్టి అమ్మింది. అసలు జంగిల్ కార్బైన్ నంబర్ 5. అది 1944 నుంచి 1947 దాకా ఇంగ్లండ్‌లో తయారైంది. పొట్టి నంబర్ 7 కార్బైన్ అనేది ఏ సైన్యంలోనూ లేదు, వ్యాపారం కోసం పుట్టిన పేరు. అన్న తుపాకీ ఇదే.

“తమ్మీ, ఆ రైతులు కోసిన్రంటే వాళ్ల అవసరం, ఒప్పుకుంట. దీన్ని కోసినోనికి ఏం అవసరముండె? మనోళ్లు చేసినదాన్ని కోసి అబద్ధం పేరు పెట్టి అమ్మిండు. దీన్ని మల్ల పొడుగు చేస్తే నీకేం నొప్పి?” అంటాడు.

దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఆయన కోపం న్యాయమైనదే. కానీ కొత్త గొట్టం ఎక్కించాలంటే ఇంకో 2ఏ1ని విప్పాలి, అది బహుశా కొయ్యనిది అయి ఉంటుంది. అబద్ధం పేరుతో ఒకటి కోశారని ఇంకో నిజమైనదాన్ని మనమే కోస్తామా? పైగా ఈ పొట్టి నకిలీ కూడా ఒక రుజువు. 1990ల్లో మన ఆయుధశాల సరుకుకు ఇక్కడ ఏ గతి పట్టిందో చెప్పే వస్తువు ఇంతకన్నా ఏముంటుంది? దాన్ని చక్కదిద్దేస్తే ఆ కంపెనీ చేసిన పని కూడా చెరిగిపోతుంది.

“నువ్వు లాయర్‌వి కావాల్సిందిరా” అని తిట్టి ఫోన్ పెట్టేశాడు. గొట్టం కోసం వెతకడం మాత్రం ఆపలేదు. దొరికేలోపు దాంతోనే వేటకు పోదామంటున్నాడు, మా దగ్గర జింకల సీజన్ నవంబర్ 15న మొదలవుతుంది. పొట్టి గొట్టం మీద కంపెనీ పెట్టిన ముందు సైట్ ఎత్తు తక్కువ, వంద గజాల్లో తూటా పైకి పోతోంది. శనివారం వచ్చి ఎత్తు సైట్ మారుస్తానని చెప్పాను. పాతది పారెయ్యొద్దని కూడా.